తెల్లగా మిగిలిన గడప

పొద్దున ఆరున్నర కూడా కాలేదు, పూలకొట్ల సందులో ఎవరి గడప ముందు వాళ్లు గొంతుక్కూర్చుని నేలకేసి చూస్తున్నారు. బ్రష్షు నోట్లో పెట్టుకున్నవాళ్లు తోముకోవడం మర్చిపోయారు. పాలప్యాకెట్లు తెచ్చిన మనిషి, వీళ్లేదో పారేసుకున్నారు కాబోలనుకుని సైకిలు దిగి తనూ వంగి వెతకడం మొదలుపెట్టాడు.

ముందురోజు సాయంత్రం హైమవతి సందులోని పద్నాలుగిళ్లకీ తిరిగి, గడపల దగ్గరా వంటింటి తూముల దగ్గరా తెల్లటి పొడి పల్చగా చల్లింది. "ఏమమ్మా సైంటిస్టు కోడలా, ముగ్గులేయడం ఇప్పుడు నేర్చుకుంటున్నావా?" అని ఆడవాళ్లు ఆటపట్టించారు. హైమ కూడా నవ్వింది. తెల్లారేసరికి ఎవరి మొహానా నవ్వు లేదు. ఆ పొడి మీద బొద్దింకలు నడిచిన జాడలున్నాయి. ఆ జాడలు నీలంగా ఉన్నాయి. కొన్ని గడపల దగ్గర పెన్సిలుతో గీసినంత లేతగా, కొన్నిచోట్ల సిరా ఒలికినంత చిక్కగా.

నీలమంటే ఏమిటో అందరికీ తెలుసు, హైమే చెప్పింది. అది మందు వేషం వేసుకున్న పొడి. మామూలు క్రిమి దాని జోలికి పోదు. మందుల్ని విరగ్గొట్టి బతికే మొండి క్రిమి మాత్రం ఇదీ మందే కాబోలనుకుని దీన్నీ విరగ్గొడుతుంది. విరిగితే పొడి నీలం తిరుగుతుంది. అంటే ఆ బొద్దింక కాళ్లకి, ఏ మందుకీ లొంగని రోగం అంటుకుని ఉందన్నమాట. వినడానికి ఇదంతా బాగానే ఉంటుంది. మన గడప ముందు ఆ గీత కనబడినప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

హైమ ఒక్కో గడపా చూస్తూ, ఫొటోలు తీసుకుంటూ నడుస్తోంది. ఆమె వెనకాల సగం సందు నడుస్తోంది. మొదట్లో పూలకొట్ల దగ్గర గీతలు లేతగా ఉన్నాయి. మధ్యలో టైలరు పూర్ణయ్య ఇంటి దగ్గర చిక్కబడ్డాయి. సందు చివర, మ్యాన్‌హోలు పక్కనున్న ఒంటిగది వాటా ముందుకొచ్చేసరికి పొడంతా నీలమే. తెలుపన్నది చూద్దామన్నా లేదు.

ఆ వాటాలో అద్దెకుండేది రాహేలమ్మ. ఊళ్లో ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో రోగుల దుప్పట్లు ఉతికే పని ఆమెది.

"చెప్పలా నేను?" అన్నాడు పూర్ణయ్య. ఆ వాటా ఆయనదే. "మొదట్నుంచీ చెబుతానే ఉన్నా. ఆసుపత్రి నుంచి సంచులు మోసుకొస్తదని చెబుతానే ఉన్నా."

ఎవరూ ఆయన్ని ఆపలేదు. ఆపడానికి ఎవరికి మొహం చెల్లుతుంది? రెండు నెలల కిందట ఆయన భార్య సీతారత్నానికి ఇస్త్రీపెట్టె తగిలి ముంజేతి మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. అది మానలేదు. ఇరవై రెండు రోజులు ఒకదాని తర్వాత ఒకటి ఇంజెక్షన్లన్నీ ఇచ్చారు, ఒక్కటీ పనిచేయలేదు. ఇరవైమూడో రోజు మనిషి పోయింది. హైమ పెళ్లి జాకెట్టు కుట్టింది ఆ సీతారత్నమే. కొత్తకోడలిగా వచ్చి బిక్కుబిక్కుమంటున్న రోజుల్లో మొదట పలకరించిందీ ఆమే. ఆ మనిషిని చంపింది ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చాల్సిందేనని హైమ పంతం పట్టింది. అందుకే, పరిచయం లేని పేట ఎంచుకోమని యూనివర్సిటీలో పైవాళ్లు చెప్పినా వినకుండా, పొడిని మొట్టమొదట తన సందులోనే చల్లింది.

రాహేలమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చింది. డ్యూటీకి బయల్దేరే హడావుడిలో ఉంది. చేతిలో ఖాళీ సంచీ. అందరి కళ్లూ ఆ సంచీ మీదే. హైమ కళ్లు కూడా అక్కడే ఉన్నాయి, అబద్ధమెందుకు? సాయంత్రాలు అదే సంచీ ఉబ్బుగా ఇంటికి రావడం తనూ చూసింది. ఏముంటుంది దాన్లో అని ఎన్నిసార్లు అనుకుందో.

"ఏందమ్మా ఇది?" అంది రాహేలమ్మ, కాళ్ల కిందున్న నీలాన్ని చూసి.

హైమ ఫొటో తీసుకుంది. దాన్ని సందు వాట్సాప్ గ్రూపులో పెట్టింది కూడా తనే. 'అందరూ జాగ్రత్తగా ఉండండి, చివరి వాటా వైపు పిల్లల్ని పంపకండి' అని కింద రాసింది. జాగ్రత్త చెప్పడం తప్పెట్లా అవుతుంది? అప్పుడైతే అలాగే అనుకుంది.

*

యూనివర్సిటీ ల్యాబులో ఫయాజ్ ఆ ఫొటోలు చూసి ఎగిరి గంతేస్తాడనుకుంది హైమ. పొడి తయారీలో నాలుగేళ్లు ఇద్దరూ కలిసి తలలు పట్టుకున్నవాళ్లు. మొదటి రెండేళ్లు అది దేనికి పడితే దానికి నీలం తిరిగేది. కాఫీ ఒలికినా నీలమే, చెమట చుక్క పడినా నీలమే. ఇప్పుడు అలా కాదు, ఒక్క అబద్ధం చెప్పదు.

ఫయాజ్ మాత్రం ఫొటోలన్నీ చూసి, ఫోను బల్ల మీద బోర్లించాడు.

"ఈ ఫొటోలో ఆ మనిషి మొహం కూడా పడింది కదా, ఇది నీ ఫోన్లోనే ఉందా?"

"గ్రూపులో పెట్టా. జాగ్రత్త కోసం."

"అయ్యో హైమా!" అన్నాడు. తిట్టినా బాగుండేది. "మన పొడి ఎక్కడుందో చెబుతుందే గానీ ఎందుకుందో చెప్పదు. నీకు నేను చెప్పాలా?"

"ఆసుపత్రి దుప్పట్లు రోజూ చేత్తో పట్టుకునే మనిషి. ఆమె వాటాలోనే చిక్కగా ఉంది. ఇంకేం కావాలి?"

"బొద్దింకలు కావాలి," అన్నాడు ఫయాజ్. "ప్రతి ఇంట్లోంచీ రెండేసి పట్టుకురా. కోసి చూద్దాం. అప్పటిదాకా నోరు మూసుకుని కూర్చుందాం, ఇద్దరం."

హైమకి ఒళ్లు మండింది. నీ వీధిలో ఎవరైనా పోతే అప్పుడు చెబుదువుగాని అనుకుంది. ఆ సాయంత్రమే సీసాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది, రాహేలమ్మ వాటాకి మాత్రం మాస్కు కట్టుకుని, గ్లౌజులు తొడుక్కుని వెళ్లింది. మిగతా ఇళ్లకి ఒట్టి చేతులతోనే వెళ్లింది. ఆ తేడా రాహేలమ్మ చూసింది.

*

ఆదివారం పొద్దున పూర్ణయ్య కొట్టు ముందు కుర్చీలు వేశారు. మధ్య కుర్చీ ఎప్పట్లాగే హైమ మామగారు వీరభద్రంగారిది. ముప్పైయారేళ్లు ఒక దవాఖానాలో కాంపౌండరు చేసి రిటైరయిన మనిషి. సందులో ఆయన్ని కాంపౌండరని ఎవరూ అనరు, డాక్టరుగారనే అంటారు. కట్టు కట్టాలన్నా, పసిపిల్లకి జ్వరం చూడాలన్నా ఆయనే. వాడగా మిగిలిన మాత్రలు, కాప్సూళ్లు జనం ఆయన గుమ్మం పక్కనున్న డబ్బాలో వేసి పోతారు. బాగున్నవి ఏరి, కొనుక్కోలేనివాళ్లకి ఆయన ఇస్తాడు. ఆ డబ్బా ఇరవయ్యేళ్ల నుంచీ అక్కడే ఉంది.

"రెండ్రోజుల్లో ఖాళీ చెయ్యాలి," అన్నాడు పూర్ణయ్య, రాహేలమ్మ వంక చూడకుండా.

"నేనేం తేలేదు బాబూ," అంది రాహేలమ్మ. సంచీ అందరి ముందూ దులిపింది. చిరిగి పారేసిన దుప్పటి ముక్కలు పడ్డాయి. "వేడినీళ్లలో ఉడకబెట్టి, ఆరబెట్టినయ్యి. ఇల్లు తుడుచుకోడానికి ఇస్తారు. అడగండి కావాలంటే."

జనం రెండడుగులు వెనక్కి జరిగారు. ఆ గుడ్డముక్కలు చూశాక ఆమె మాట ఎవరు వింటారు?

"పోనీలే పూర్ణయ్యా, కావాలని చేసిందా పాపం," అన్నాడు వీరభద్రంగారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "తెలీక తెచ్చుంటది. కొంచెం గడువియ్యి."

తెలీక తెచ్చుంటది. ఆ ఒక్క మాటతో తీర్పయిపోయింది. అంత మంచివాడు కూడా తెచ్చిందనే అన్నాక ఇంక అనుమానమేముంది?

రాహేలమ్మ గుడ్డముక్కలు ఏరుకుని సంచీలో పెట్టుకుంది. "నిన్న పనిలోంచి కూడా రావద్దన్నారు. ఫొటో చూశారంట మా సూపర్‌వైజరు. అంతా తేలేదాకా రాబాకన్నాడు." అని, హైమ ముందుకొచ్చి నిలబడింది. "అమ్మాయిగారూ, నాకు చదువు లేదు. ఒక్క మాట అడుగుతా. సందులో అందరి గడపా ఎంతో కొంత నీలమైంది గదా. మీ గడప ఒక్కటే తెల్లగుండిపోయింది. అదెట్టాగమ్మా?"

"మా ఇల్లు శుభ్రంగా ఉంటుంది కాబట్టి," అంది హైమ ఠక్కున.

"మాది ఉండదా?" అంది రాహేలమ్మ.

సోమవారం పొద్దున్నే ఒక ఆటోలో రెండు ట్రంకుపెట్టెలు, గ్యాసుబండ, ఒక చాప ఎక్కించుకుని ఆమె వెళ్లిపోయింది. కొండ మీద మెట్ల వీధిలో చెల్లెలుందట, అక్కడికి. వీరభద్రంగారు ఒక్కడే ఆటో దాకా వెళ్లి ఆమె చేతిలో ఏదో పొట్లం పెట్టాడు. మంచితనమంటే మావయ్యదే అనుకుంది హైమ, కిటికీలోంచి చూస్తూ.

*

నాలుగు రోజుల తర్వాత ఫయాజ్ ఫోన్ చేసి రమ్మన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. హైమ వెళ్లేసరికి బల్ల మీద ఇరవై ఆరు బొద్దింకలు ఇంటి నంబర్లతో వరసగా ఉన్నాయి. పదమూడిళ్లవే. తన ఇంట్లో బొద్దింకే దొరకలేదు.

"వీటి రంగు చూడు ముందు."

చూసింది. గోధుమరంగు ఉండాల్సినవి పాలిపోయి ఉన్నాయి. చిన్నగా, ఎదుగుదల లేనట్టున్నాయి. బొద్దింక ఒంట్లో పుట్టుకతో ఒక రకం మంచి క్రిములుంటాయి, అవి లేకపోతే పురుగు ఎదగదు, పెద్దగా పిల్లలు పెట్టదు. ఇది హైమకి కొత్త కాదు. ఆ క్రిముల్ని ఏం చంపుతుందో కూడా తెలుసు.

"యాంటీబయాటిక్స్ పడితే ఇలా అవుతాయి," ఫయాజ్ అన్నాడు. "పొట్టల్లో క్రిములే కాదు, మందే ఉంది హైమా. ఒకటి కాదు, ఏడు రకాలు. తలా కొంచెం. చచ్చేటంత కాదు, మొండికెత్తేటంత."

"ఆసుపత్రి కాలవలోంచి..."

"కాలవలోంచి వస్తే గోధుమపిండి, బెల్లం కూడా వస్తాయా?" అని కాగితం ముందుకు తోశాడు. "ఇరవై ఆరింటి పొట్టల్లోనూ ఇదే. గోధుమపిండి, బెల్లం, ఏడు రకాల మందులు. ఎవరో కలిపి పెడుతున్నారు. పనిగట్టుకుని పెడుతున్నారు. మీ సందులో ఎవరికైనా మీ అందరి మీదా పగ ఉందా?"

హైమ కాగితం చేతిలోకి తీసుకుంది. గోధుమపిండీ బెల్లమూ కలిపి ఎవరు ఉండలు చేస్తారో సందులో పసిపిల్లనడిగినా చెబుతుంది. డాక్టరుగారి బొద్దింక ఉండలు. ప్రతి శనివారం ఆయన ఇంటింటికీ పంచుతాడు. పెళ్లయిన కొత్తలోనే హైమ, వంటింట్లో ఇలాంటి నాటుమందులు వద్దని, ల్యాబులో వాడే జిగురు డబ్బాలు తెచ్చి పెట్టింది. మావయ్య నవ్వి, సరేలే అమ్మాయ్ నీ ఇష్టం అన్నాడు. సందులో ఆ ఉండలు పెట్టని ఇల్లు ఒక్కటే ఉంది. గడప తెల్లగా మిగిలిన ఇల్లూ అదొక్కటే.

"పగ కాదు ఫయాజ్," అంది. "సీతారత్నం గాయంలోంచి ఆసుపత్రిలో తీసిన నమూనా ఉంది కదా మన దగ్గర..."

"కలిసింది," అన్నాడు ఫయాజ్. "రెండుసార్లు చూశా. అదే."

*

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వీరభద్రంగారు చాప మీద పేపరు పరుచుకుని ఉండలు చుడుతున్నాడు. శుక్రవారం కదా, రేపటి పంపకానికి. పక్కన చిన్న రోలు, దాన్లో రంగురంగుల పొడి. ఖాళీ కాప్సూలు తొడుగులు ఒక గిన్నెలో కుప్పగా ఉన్నాయి. ఏడేళ్లుగా ఈ ఇంట్లో ఉంటోంది హైమ. ఒక్కసారీ ఆ రోట్లోకి తొంగిచూడలేదు.

"ఇవేంటి మావయ్యా? బోరిక్ పౌడరు కదా వేస్తారు?"

"మూడేళ్లయింది అది మానేసి," అన్నాడు ఆయన, ఉండని అరచేతిలో తిప్పుతూ. "గుర్తులేదూ? పూలకొట్టు వెంకాయమ్మ మనవరాలు ఉండ నోట్లో పెట్టేసుకుంటే ఆటోలో వేసుకుని పరిగెత్తాం. ఆ పిల్ల బతికిందాకా నా ప్రాణం ప్రాణంలో లేదు. ఆ రోజే ఒట్టేసుకున్నా, విషం ముట్టుకోనని. డబ్బాలో డేటయిపోయిన మందులు బోలెడు మిగిలిపోతాయిగా, అవే నూరి వేస్తున్నా. మనిషికి పనికిరావు, పురుగు మీద మాత్రం పనిచేస్తాయి. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. సగానికి సగం తగ్గినాయమ్మాయ్ బొద్దింకలు! అడుగు ఎవర్నైనా."

ఆ మొహం నిండా గర్వం. ఎలా చెప్పాలి? ఈ మనిషి తన పురిటికి పథ్యం వండిపెట్టాడు. అయినా చెప్పకుండా ఎలా ఉండాలి?

"మావయ్యా, ఐదురోజులు వాడమంటే రెండ్రోజులు వాడి మానేసేవాళ్లని మీరు దవాఖానాలో తిట్టేవాళ్లు కదా. ఎందుకు?"

"తిట్టనా మరి? సగం మందు వేసుకుంటే రోగం చావదు, ముదురుద్ది. ఆ తర్వాత ఏ మందు వేసినా..."

అక్కడ ఆగిపోయాడు. చేతిలో ఉండ అలాగే ఉంది. రోటి వైపు చూశాడు. కాప్సూలు తొడుగుల వైపు చూశాడు. హైమ చెప్పే పని లేకుండా పోయింది.

"పురుగు దాన్ని మోసుకుని..." అన్నాడు.

"అవును."

"గిన్నెల మీదా, గుడ్డల మీదా..."

"అవును మావయ్యా."

"సీతారత్నం?"

ఏమో చెప్పలేమనొచ్చు. ఒక్క అబద్ధంతో పోయేదే. "ల్యాబులో రెండుసార్లు చూశారు. అదే క్రిమి," అంది హైమ.

ఆయన ఏడవలేదు. పేపరు మీదున్న ఉండల్ని లెక్కపెడుతున్నట్టు ఒక్కోదాన్నీ వేలితో తాకాడు. "సీతారత్నం మిషను కింద నేనే పెట్టా మొదటిది," అన్నాడు. "ఆ చివరి వాటా మ్యాన్‌హోలు పక్కనుందని, రాహేలమ్మకి అందరికంటే రెండెక్కువ ఇచ్చేవాణ్ణి."

హైమ వంటింట్లోకి పోయి భర్తకి ఫోన్ చేసింది. రైలు ఇంజను నడిపే మనిషి, బలార్షా స్టేషన్ రెస్టురూంలో ఉన్నాడు. అంతా విన్నాడు. చివరికి, "ఉండలు ఆపేస్తే సరిపోదా? నాన్న పేరెందుకు బయటికి? ఆమె ఎటూ వెళ్లిపోయింది కదా," అన్నాడు. హైమకి కోపం రావాలి. రాలేదు. ఎందుకంటే ఆ మాట పొద్దుట్నుంచీ తనూ అనుకుంటూనే ఉంది. ఆమె ఎటూ వెళ్లిపోయింది కదా. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ ఆలోచన, ఎవరో చెవిలో చెప్పినట్టు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి వీరభద్రంగారు ఉతికిన చొక్కా తొడుక్కుంటున్నాడు.

"నువ్వు చెప్పబాకమ్మాయ్. నేను చెబుతా," అన్నాడు.

*

ఆ సాయంత్రం మళ్లీ అవే కుర్చీలు. ఈసారి ఆయన కూర్చోలేదు. నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బోరిక్ మానేసిన సంగతి, కాప్సూళ్లు నూరిన సంగతి, పురుగుల పొట్టల్లో ఏముందో, సీతారత్నం గాయంలో ఏముందో. రాహేలమ్మకి ఏ పాపమూ తెలీదనీ, ఆ నీలం తన చేతిదేననీ.

జనం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

"మీరట్టా అంటే మేం నమ్ముతామా డాక్టరుగారూ?" అంది వెంకాయమ్మ. "ఆ మనిషి మీద జాలికొద్దీ మీ నెత్తిన వేసుకుంటన్నారు గానీ."

"ఆ పొడి తప్పు చూపించిందేమో," అన్నాడు ఇంకొకాయన. "కెమికల్ కదా, గ్యారంటీ ఏముంది?"

హైమ తెల్లబోయింది. పొడి రాహేలమ్మ గుమ్మం చూపించినప్పుడు ఈ మాట ఒక్కడంటే ఒక్కడు అనలేదు. అప్పుడు అది దేవుడి సాక్ష్యం. ఇప్పుడు కెమికల్. కాగితాలు తీసి ఇంటి నంబర్లతో సహా చదివి వినిపించింది. విన్నారు, తలలూపారు. ఆమె ముగించగానే వెంకాయమ్మ గొంతు తగ్గించి, "అయితే రేపు శనివారం ఉండలు ఇవ్వరా ఏందండీ?" అని అడిగింది.

వీరభద్రంగారు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

పూర్ణయ్య లేచి కొట్లోకి వెళ్లాడు. మిషను జరిపిన చప్పుడైంది. ఒక చిన్న స్టీలు మూత పట్టుకుని బయటికొచ్చాడు. దాన్లో ఎండిపోయిన ఉండ ఒకటుంది, అంచులు కొరికేసి.

"ఆవిడ పెట్టిందండీ ఇది," అన్నాడు. "ఇస్త్రీపెట్టె తగిలిన రోజు పొద్దున. ఆమె చేత్తో పెట్టింది గదా అని తియ్యబుద్ధి కాలా నాకు. రెండు నెలల్నుంచీ అట్టాగే ఉంచా."

ఆ మూతని వీరభద్రంగారి చేతిలో పెట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. "ఇంక మా గుమ్మం తొక్కబాకండి," అని లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. అప్పుడు నమ్మారు జనం. ఒక్కొక్కరే లేచి, ఆయన పక్కనుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్లిపోయారు.

హైమ తలుపు దగ్గరికెళ్లి, "పూర్ణయ్యగారూ, రాహేలమ్మ వాటా తాళం..." అంది.

"నువ్వు పిలుచుకురామ్మా," అన్నాడు లోపల్నుంచి. "నేనెట్టా పిలవను ఆ మనిషిని? ఏ మొహం పెట్టుకుని పిలవను?"

*

కొండ మీద మెట్ల వీధికి నూట యాభై మెట్లున్నాయి. వీరభద్రంగారి మోకాళ్లు ఇరవయ్యో మెట్టుకే మొరాయించాయి. కింద ఉండమని హైమ ఎంత చెప్పినా వినలేదు. కూర్చుంటూ, లేస్తూ ఎక్కాడు. అంతకుముందే ఇద్దరూ ఆసుపత్రి లాండ్రీకి వెళ్లి, ల్యాబు కాగితాలు ఇచ్చి, సూపర్‌వైజరు ముందు నిలబడి జరిగింది చెప్పి వచ్చారు. పంపించండి చూద్దాం అన్నాడతను. చూద్దాం అనే అన్నాడు.

రాహేలమ్మ వాళ్లని చూసి లోపలికి రమ్మనలేదు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి బయట వేసింది, ముసలాయన రొప్పుతున్నాడని. హైమకి నిలబడమని చెప్పినట్టే.

ఆయన చెప్పాడు. హైమ కూడా చెప్పింది. ఫొటో తీసింది తనే, గ్రూపులో పెట్టింది తనే, గ్లౌజులు తొడుక్కుని వచ్చింది తనే. "నన్ను క్షమించు రాహేలమ్మా," అంది. "వాటా నీదే. పనిలోకి కూడా రమ్మంటారు. నీ తప్పు లేదని అందరికీ తెలిసింది."

రాహేలమ్మ మొహంలో సంతోషం కనబడలేదు. రంగు దిగిపోయింది. గుంజకి ఆనుకుని నిలబడింది.

"ఆ రోజు ఆటో దగ్గర పొట్లం ఇచ్చారు గదండీ," అంది ఆయన్ని చూస్తూ. "ఇక్కడ బొద్దింకలు జాస్తి. మా చెల్లెలింట్లో పెట్టా. మిగిలినయ్యి ఈ వరసలో ఆరిళ్లకీ పంచా. కొత్తగా వచ్చినదాన్ని, అందరూ అనుమానంగా చూస్తన్నారు, కాస్త మంచి చేసుకుందామని. మా డాక్టరుగారి మందు, బాగా పనిచేస్తదని చెప్పి మరీ ఇచ్చా."

హైమ ఆ వరస వంక చూసింది. ఉండలు పెట్టి వారం కావస్తోంది. ఆరిళ్లు, ఒకదాన్నానుకుని ఒకటి, ఒకే కాలవ.

"తీసెయ్యాలంటే తీసేస్తా," అంది రాహేలమ్మ. "ఏమని చెప్పి తియ్యమంటారు? రోగం ఉండల్లో ఉందంటే, తెచ్చింది ఎవరంటారు? రాహేలమ్మే గదా. ఇక్కడైతే నిజంగా నేనే తెచ్చా. ఇక్కణ్ణుంచి ఎక్కడికి పొమ్మంటారు నన్ను?"

పొడి డబ్బా హైమ సంచీలో ఉంది. చల్లితే తెల్లారేసరికి ఏ గడప చిక్కగా ఉంటుందో ఇప్పుడే తెలుసు.

వీరభద్రంగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. "మొదటి ఇల్లు ఏది?" అని అడిగాడు.

రాహేలమ్మ చూపించింది. ఆయన మోకాలు ఈడ్చుకుంటూ వెళ్లి తలుపు తట్టాడు. హైమా, రాహేలమ్మా వెనకాల నిలబడ్డారు. పిండి అంటిన చేతుల్తో ఒక పాతికేళ్ల అమ్మాయి తలుపు తీసింది. ముసలాయన్ని ఎగాదిగా చూసి, "ఎవరు కావాలండీ?" అంది.

"నా పేరు వీరభద్రం. కింద ఊళ్లో ఉంటా. నీకిచ్చిన బొద్దింక ఉండలు చేసింది నేనమ్మా. వాటిల్లో నేను తప్పుమందు కలిపా. అది జబ్బు తెచ్చుద్ది. తీసుకెళ్లిపోడానికొచ్చా."

ఆ అమ్మాయి ఆయన మాట సగం వింటూనే మెడ పక్కకి వంచింది. ఆమె చూపు ఆయన భుజం మీదుగా పోయి రాహేలమ్మ మీద ఆగింది. అక్కడే ఉండిపోయింది.

వీరభద్రంగారు గోడ పట్టుకుని ఒకడుగు పక్కకి జరిగాడు. ఆ చూపుకి సరిగ్గా అడ్డంగా నిలబడి, మళ్లీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.